మర్యాదగా ఇచ్చిన ఉమ్మి

క్షయ అని తేలిన నాటి నుంచి అయిదు నెలలుగా బోగోలు పద్మనాభయ్య భోజనం వసారాలోనే. కంచం వేరు, చెంబు వేరు. మనవరాలు చెంచులక్ష్మి గడప దాటబోతే ఆయన భార్య ఆదిశేషమ్మ రెక్క పట్టుకుని వెనక్కి లాగేది. జబ్బు కన్నా ఆ లాగడమే ఆయన్ని ఎక్కువ తినేసింది.

నెలనెలా కావలి పోయి ఆసుపత్రిలో కళ్లె ఇచ్చి రావాలి. అక్కడ పరీక్షలు చేసే రెబెక్కమ్మ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, క్రిములెన్నో లెక్కపెట్టి చీటీలో వేసేది. మొదట లెక్కకందనన్ని. మాత్రలు పడ్డాక పాతిక, తరవాత పది. ఒక్కటీ కనబడని నాడు ఇంట్లో అందరితో పంక్తిలో కూర్చోవచ్చని పెద్ద డాక్టరు మాట ఇచ్చినాడు.

ఈ నెల ఒక్కటీ కనబడలేదు. పద్మనాభయ్యకు ప్రాణం లేచొచ్చింది. రెబెక్కమ్మ మాత్రం చీటీ రాయకుండా డబ్బీ వంకే చూస్తూ కూర్చుంది.

"పెద్దాయనా, ఇది మరీ పలచగా ఉండాది. లోపల్నించి దగ్గే ఇచ్చినారా?"

అవునంటే అయిపోయేది. ఈ పూటే పంక్తిలో కూర్చునేవాడు, పక్కన మనవరాలు. ఆ పక్కన అనుకోగానే, జబ్బు బిడ్డకు అంటుకుంటేనో అని ఆయన అబద్ధమాడలేకపోయినాడు.

"లేదమ్మా. ఇన్నాళ్లూ డబ్బీ బల్ల మీద పెట్టి పోయేవాణ్ణి, ఈసారి నువ్వే చెయ్యి చాపితివి. తెల్లచీర కట్టుకున్న ఆడకూతురివి, ఆ రోత నీ చేతికెట్లా ఇచ్చేదని, ఉప్పునీళ్లతో పుక్కిలించి మంచి ఉమ్మి ఇచ్చినా."

రెబెక్కమ్మకు నవ్వాగలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకింత మర్యాద చేసినవాళ్లు లేరనింది. ఆ రోతలోనే తన పనంతా ఉందని చెప్పి, కొత్త డబ్బీ ఇచ్చి పెరట్లోకి పంపింది. ఆయన సిగ్గు చంపుకుని, కడుపులోంచి దగ్గి తెచ్చి ఇచ్చినాడు. ఆమె చాలాసేపు చూసింది.

"రెండుండాయి పెద్దాయనా. పోయిన నెల పది, ఈ నెల రెండు."

ఏడవాలో నవ్వాలో తెలియక, పద్మనాభయ్య దారి పొడుగునా నవ్వుకుంటూనే ఇల్లు చేరినాడు. జరిగిందంతా భార్యకు దాచకుండా చెప్పి, వసారాలో తన చోటనే కంచం ముందు కూర్చున్నాడు.

చెంచులక్ష్మి తన కంచం తెచ్చుకుని గడపకు లోపలివైపున, తాతకు ఎదురుగా చతికిలబడింది. ఆదిశేషమ్మ ఒక చూపు చూసి, ఇద్దరికీ దూరం సరిపోయిందని తేల్చుకుని, ముందు ఆయనకే వడ్డించింది.