సర్వర్ డౌన్

నిత్యానందం ఎవరిదో కీబోర్డును అరుగు మీద బోర్లించి అరచేత్తో దబదబ బాదుతున్నాడు. మీటల సందుల్లోంచి కారప్పూస ముక్కలు, వెంట్రుకలు, ఎండిపోయిన చీమలు రాలాయి. వాటిని చూపుడువేలితో అటూ ఇటూ జరిపి చూసి, "తినడానికి కంచాలు లేవు కాబోలు దరిద్రులకు" అన్నాడు. వినేవాళ్ళెవరూ లేరు. లేకపోయినా అనడం ఆయనకు అలవాటు. పొద్దున్నే ఎవరో ఒకర్ని తిట్టుకోనిదే ఆయనకు కాఫీ దిగదు.

యాభైకి దగ్గరపడిన మనిషి. పొట్ట ముందుకు, భుజాలు లోపలికి. జుట్టుకు వేసిన రంగు చెవుల మీద కూడా కొంచెం మిగిలిపోయి ఉంటుంది. కళ్ళజోడు కాలు విరిగితే జిగురుతో అతికించాడు. అది వంకరగా అతుక్కుంది. ఆ వంకర అద్దాల్లోంచే మార్కాపురం మొత్తాన్ని చూసి, ఈ ఊళ్ళో తెలివిగలవాడు ఒకే ఒక్కడున్నాడని, వాడు తనేనని ఏనాడో తేల్చేసుకున్నాడు.

ఒకప్పుడు బస్టాండు దగ్గర మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. నాయన పలకల దుకాణం అమ్మి పెట్టిన ఇన్‌స్టిట్యూట్ అది. సారు చెప్పేలోపే పిల్లలు నేర్చేసుకుంటూ ఉండటంతో మూతపడింది. తర్వాత నెట్ సెంటర్ పెట్టాడు. ఊరందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అదీ పోయింది. ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేస్తాడు. బాగుచేయడమంటే పెద్ద విద్యేమీ కాదు. ఫలానా వెబ్‌సైట్‌లో లాగిన్ కావడం లేదని పిలుస్తారు. వెళ్ళి, ముందు కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తాడు. దాంతో కాకపోతే లోపల పేరుకున్న పాత చెత్తంతా డిలీట్ చేస్తాడు. దాంతోనూ కాకపోతే కుర్చీ వెనక్కి జరిపి, గంభీరంగా ముఖం పెట్టి, "సర్వర్ డౌన్" అంటాడు.

ఆ మాటకు తిరుగులేదు. ఏ ఆఫీసు కౌంటరు దగ్గరైనా అదే మాట విని విని జనానికి అలవాటైపోయింది. సర్వరంటే ఏమిటో, ఎక్కడుంటుందో, ఎందుకు పడుకుంటుందో ఎవరూ అడగరు. తనకు తెలియనివన్నీ నిత్యానందం ఆ రెండు ముక్కల కిందికి తోసేసి, ఇన్నేళ్ళూ సారు అనిపించుకుంటూ బతికాడు. ఒకసారి గ్యాసు అయిపోయిందని భార్య చెబితే నిద్రమత్తులో ఆమెతోనూ అదే అన్నాడు.

"ఏమండీ, ఒకసారి ఇట్ల రాండి. మళ్ళా అదే వచ్చింది" అని లోపలి నుంచి మహేశ్వరి పిలిచింది.

మహేశ్వరి ఆయన భార్య. పలకలు తయారుచేసే షెడ్డులో చట్రాలు బిగించే పనికి పోతుంది. మేకులు పట్టుకుని పట్టుకుని ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంటుంది. ఇంట్లోకి బియ్యం వచ్చేది ఆ గోటి వల్లే అయినా, ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ప్రస్తావనకు రాదు. కొమరోలులో ఆడపిల్లల హాస్టల్లో వంట ఉద్యోగానికి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. వచ్చింది. ఇక హాస్టలు వాళ్ళ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి, ఈ సాయంత్రంలోపు 'అంగీకరిస్తున్నాను' అనే బటను నొక్కాలి. నొక్కకపోతే ఉద్యోగం ఆమె వెనకున్న వాళ్ళకు పోతుంది. ఆ బటను ఫోనులో కనిపించడం లేదు. కంప్యూటర్లోనే నొక్కాలి. రేపు పొద్దున్నే చేరాలి, ఉండటానికి అక్కడే గది కూడా ఇస్తారు. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. నిత్యానందానికి ఒళ్ళు మండింది అక్కడే.

"పాస్‌వర్డ్ తప్పు కొట్టుంటావు" అన్నాడు అరుగు మీది నుంచే.

"పాస్‌వర్డ్ దాకా పోనే పోలేదండీ. గడియారం వెనకుందని ఏందో ఇంగ్లీషులో వస్తా ఉంది."

"గడియారమేందే? లాగిన్‌కీ గడియారానికీ ఏం సంబంధం? నీ మొహానికి ఇంగ్లీషొకటి! సర్వర్ డౌన్ అయ్యుంటుంది."

ఆమె గడప దాకా వచ్చి నిలబడింది. "సాయంత్రం దాటితే పోతుందండీ ఉద్యోగం. మీరొకసారి చూస్తే..."

"మధ్యాన్నం వచ్చి చూస్తాలే. శెట్టిగారి కోడలు హాస్టల్లో గరిటె తిప్పుతుందంట! మా నాయన ఉంటే తల యాడ పెట్టుకుండేవాడో" అని కీబోర్డు సంచిలో వేసుకుని, మోపెడ్ ఎక్కి పోయాడు. నాయన దుకాణాన్ని అమ్మి తినేసిన కొడుకు నాయన పరువు గురించి అంత బాధపడటం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మహేశ్వరికి రాలేదు. చాలా కాలంగా వింటున్నది మరి.

ఆ పూట పిలుపు రాఘవయ్య ఇంటి నుంచి. కిరాణా హోల్‌సేలు వ్యాపారి, వరసకు మామ అవుతాడు. ఆయన ఇంట్లో కంప్యూటర్ పూజగదిని ఆనుకుని ఉంటుంది. తెరకు పసుపు, కుంకుమ, పైన వాడిపోయిన మందారం. నిత్యానందం లోపల్లోపల ఆయన్ని 'బెల్లం బుట్ట' అంటాడు. పైకి మాత్రం, "ఏం మామా, ఏమైంది?" అన్నాడు వినయంగా.

"యాత్రకు టికెట్లు బుక్ చేద్దామంటే సైటు లోపలికి రానీడం లేదు అల్లుడూ. నిన్నటి నుంచి ఇదే పీడ."

నిత్యానందం ఆపి ఆన్ చేశాడు. చెత్త డిలీట్ చేశాడు. కాలేదు. కుర్చీ వెనక్కి జరిపి, ఆ రెండు ముక్కలూ అనబోతూ, ఎందుకో తెర కింది మూల చూశాడు. అక్కడ పోయిన ఏడాది దసరా నాటి తేదీ ఉంది.

"మామా, ఈ తారీకు ఏంది?"

రాఘవయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. "రాహుకాలంలో ఏ పనైనా మొదలుపెట్టగూడదు గదా. అందుకని ఒకనాడు గడియారాన్ని వెనక్కి తిప్పి, అప్పుడు నొక్కినా. పనైంది. ఇంకోనాడు అష్టమి అడ్డమొచ్చె. ఒకరోజు వెనక్కి తిప్పినా."

"మళ్ళా సరిచేయలేదా?"

"చేయలా. అట్లనే వర్జ్యం వచ్చినప్పుడు కొంచెం, అమావాస్య వచ్చినప్పుడు కొంచెం తిప్పుతా వచ్చినా."

అలా జరిపి జరిపి ఆ మహానుభావుడు తన కంప్యూటర్‌ను పోయినేటికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. నిత్యానందం తేదీ సరిచేశాడు. సైటు చటుక్కున తెరుచుకుంది. "మామా, రాహువు వచ్చేముందు నీ కంప్యూటర్‌లో టైం చూసుకుని రాడు" అన్నాడు. రాఘవయ్య నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. డబ్బున్నవాడి బుర్ర ఖాళీ అని రుజువైన రోజు నిత్యానందానికి పండగే.

ఈ కథను పొట్టలో దాచుకునే ఓపిక ఆయనకెక్కడిది? నేరుగా యల్లయ్య టీకొట్టుకు పోయాడు. గేదెల మేత కోసం వచ్చినవాళ్ళూ, ఆటోవాళ్ళూ, పలకల లోడుకోసం కాచుకున్న లారీ డ్రైవరూ అక్కడున్నారు. నిత్యానందం గొంతు మార్చి, రాఘవయ్యలాగా బుగ్గలు పూరించి, అష్టమిని, అమావాస్యను, రాహువునూ వరసగా ఆడించాడు. అందరూ నవ్వారు. "తారీకు తప్పుగా ఉంటే సైటు నమ్మదురా. ఇంత చిన్న సంగతి తెలీదు! ఇట్లాంటోళ్ళకు కంప్యూటర్లెందుకు, గానుగ కట్టుకోక" అని టీగ్లాసు ఎత్తాడు.

అప్పుడు ఫోను మోగింది. మహేశ్వరి.

"ఏమండీ, సర్వర్ లేచిందా?"

నిత్యానందం నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. గడియారం వెనకుందని పొద్దున ఆమె చెప్పిన మాట ఇప్పుడు బుర్రకెక్కింది. ఇంట్లో కంప్యూటర్ మీద ఆయన పెళ్ళికార్డులు టైపు చేస్తాడు. ఆ తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్‌ను నెల రోజులు ఊరికే వాడుకోవచ్చు, తర్వాత కొనుక్కోవాలి. కొనడం నిత్యానందం ఇంటావంటా లేదు. నెల నిండబోయే ముందు తేదీ వెనక్కి తిప్పేస్తాడు. అలా ఏళ్ళ తరబడి ఆ కంప్యూటర్‌కు ఒకటే శ్రావణమాసం. తన నెట్ పనులన్నీ ఫోనులో చేసుకుంటాడు కాబట్టి దాంతో ఇబ్బంది ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు. రాఘవయ్య పాపం రాహువుకు భయపడి చేశాడు. ఈయన చేసింది ఉత్త దొంగతనం.

"వస్తున్నా" అని ఫోను పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె కంప్యూటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది, బటను నొక్కడమంటే గుళ్ళోకి పోవడమే అన్నట్టు. ఆయన రాగానే లేచి చోటిచ్చి, పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

చేయాల్సిన పని చిటికెలో అయ్యేది. మూల మీద నొక్కి ఈరోజు తేదీ పెట్టాలి, అంతే. పెడితే టైపింగు సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. అది చిన్న నష్టం. 'నువ్వు చెప్పింది నిజమే, గడియారమే' అని పెళ్ళాం ముందు ఒప్పుకోవాలి. అది పెద్ద నష్టం. ఆ తర్వాత ఆమె కొమరోలు పోతుంది, అక్కడ సొంత గదిలో ఉంటుంది, ఇక్కడ నిత్యానందం లేచి తన కాఫీ తనే కలుపుకోవాలి. ఈ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్ళు ఆ మూల దాకా పోకుండా ఆగాయి.

కంప్యూటర్ ఆపి ఆన్ చేశాడు. చెత్త డిలీట్ చేశాడు. ఆమె కళ్ళు ఆయన వేళ్ళనే చూస్తున్నాయి. కుర్చీ వెనక్కి జరిపాడు.

"సర్వర్ డౌన్. ఈ పూటకు లేవదు. నీ రాత అట్లుంది."

ఇన్నేళ్ళూ తెలియక అన్నాడు. ఈసారి తెలిసి అన్నాడు. అయినా గొంతులో తేడా లేదు, ముఖం మీద చెమట లేదు. సిగ్గుమాలినవాళ్ళకు దేవుడిచ్చే సౌకర్యం అదొకటి.

మహేశ్వరి తెర వైపు చూసింది. తర్వాత గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. "సరేనండీ, అన్నం పెడతా" అంది. ఆయన గోంగూర పచ్చడి మళ్ళీ అడిగి వేయించుకుని తిన్నాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు. కాసేపు నడుం వాల్చి, లేచి, పొద్దున దులిపిన కీబోర్డు ఇచ్చిరావడానికి బయల్దేరాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్తగా పోయి రాండి" అంది. ఎప్పుడూ అనే మాటే కాబట్టి ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దు వాలుతుండగా మళ్ళీ యల్లయ్య కొట్టు దగ్గరే తేలాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు రాహుకాలం కథ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. కథ మధ్యలో గిద్దలూరు బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగి పోయింది. దుమ్ముకు మొహం చిట్లించుకుని, "యాడికి పోతారో ఈ జనం, పనీపాటా లేక" అన్నాడు నిత్యానందం.

ఇంటికొచ్చేసరికి చీకటి పడబోతోంది. వాకిట్లో మహేశ్వరి చెప్పులు ఉన్నాయి. మోపెడ్ స్టాండు వేస్తూనే, "ఏమే, కాఫీ పెట్టు" అని కేకేశాడు. "చెవుడొచ్చిందా ఏంది?" అంటూ లోపలికి వెళ్ళాడు. వంటింట్లో గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద రాత్రికి అన్నం, మూతపెట్టిన పులుసు. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. తెర కింది మూల ఈరోజు తేదీ ఉంది. మధ్యలో, 'మీ అంగీకారం నమోదైంది' అని పచ్చటి అక్షరాలు.

పక్కింటి గ్రేస్ గోడ మీది నుంచి తొంగిచూసింది. మహేశ్వరితో పాటు షెడ్డులో పనిచేసే అమ్మాయి.

"అక్క పోయిందన్నా, గిద్దలూరు బస్సుకు. ఆడి నుంచి కొమరోలు పోతుందంట."

"చెప్పులు ఈడనే ఉండాయి గదా?" అన్నాడు నిత్యానందం. చెప్పులు లేకుండా కొమరోలు పోవడం కుదరదు కాబట్టి గ్రేస్ అబద్ధమాడుతున్నదని ఆయన వాదన.

"కొత్తవి తెచ్చుకుంది. నిన్ననే తెచ్చి మా ఇంట్లో పెట్టింది."

"నాకేమన్నా చెప్పమనిందా?"

గ్రేస్ ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో జాలి ఏమీ లేదు.

"సర్వర్ లేచిందని చెప్పమనింది."

గోడవతల ఆమె తల మాయమైంది. నిత్యానందం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక, ఎవరిదో పెళ్ళికార్డు మిగిలి ఉందని గుర్తొచ్చి టైపింగు సాఫ్ట్‌వేర్ తెరిచాడు. గడువు ముగిసిందన్నది అది. తేదీ వెనక్కి తిప్పాడు. ఒప్పుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఆపి ఆన్ చేశాడు. ఎప్పటిలా కుర్చీ వెనక్కి జరిపాడు గానీ, ఆ మాట చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఇల్లు ఇంత పెద్దదని ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. భయం వేసింది. లేచి బయటికొచ్చి, లైటు కూడా వేయకుండా మెట్టు మీద కూలబడ్డాడు.

కాళ్ళ దగ్గర ఆమె చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి, మడమల దగ్గర నున్నగా అరిగిపోయి, ఎడమదాని తెగిన బద్దెకు తుప్పుపట్టిన పిన్నీసుతో.