అడగని రూటర్లు

ఆ లైబ్రరీలో మూడంతస్తులకూ కలిపి ముప్పై ఒక్క రూటర్లున్నాయి. వాటిలో ఏది ఏ దూలం పక్కన దాక్కుందో, ఏది ఏ అల్మరా నెత్తిన కూర్చుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి ఒక్కతే. ఆ పని చూసే దుకాణం వారి పెద్దకోడలు.

దుకాణం మావయ్యది. నెట్‌వర్క్ పనులు. కొడుకులిద్దరూ గోడలకు రంధ్రాలు చేసి తీగలు లాగుతారు. రూటర్లు మాత్రం ఎనిమిదేళ్ళుగా పెద్దకోడలి చేతిలోనే ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడల్లా నిచ్చెన భుజాన వేసుకుని, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని బయలుదేరేది. ఒక్కో రూటరుకూ కేబుల్ గుచ్చి, పై మెట్టు మీద ఇరవై నిమిషాలు కూర్చుని, కొత్తది ఎక్కించి దిగేది. ముప్పై ఒకటీ అయ్యేసరికి మూడు రోజులు పట్టేది. లైబ్రరీలో అందరూ ఆవిణ్ణి నిచ్చెనమ్మ అనేవారు. పైకి విసుక్కునేది గానీ, ఆ పిలుపు వినపడని రోజు ఏదో వెలితిగా ఉండేది.

ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది మూడు రూటర్లను చేజేతులా పాడుచేసి, మావయ్య చేత చీవాట్లు తిని నేర్చుకుంది. అందుకే మరిది పెళ్ళయి చిన్నకోడలు ఇంట్లో అడుగుపెట్టాక, ఎనిమిది నెలలు తిరక్కుండానే అందరూ కలిసి కూర్చున్నప్పుడు ఆ పిల్ల అన్న మాట ఆమెకు కారం రాసినట్టయింది.

"అక్కా, నువ్వన్నిసార్లు ఎక్కి దిగడమెందుకు? ఒక బూట్ సర్వరు పెడితే పోలా?"

"అదేంటమ్మా?" అన్నాడు మావయ్య.

"ఏం లేదు మావయ్యా. స్విచ్ వెయ్యగానే రూటరు తీగలోకి ఒక కేక వేస్తుంది, 'నేను లేచాను, నా సంగతి ఎవరైనా చూస్తారా' అని. మన సర్వరు ఆ కేక విని, జాబితాలో దాని నంబరు చూసి, 'నీ అడ్రసిది, నీ ఫైలు ఇదిగో' అని చేతిలో పెడుతుంది. అది తీసుకుని లేస్తుంది. ఇక కొత్త ఫైలు వచ్చిందనుకోండి, సర్వరులో ఒక్కచోట మారిస్తే చాలు. మర్నాడు స్విచ్ వేస్తే అన్నీ కొత్తదాంతోనే లేస్తాయి."

"అయితే నిచ్చెనక్కర్లేదా?"

"అస్సలక్కర్లేదు."

మావయ్య మొహం చాటంత అయింది. "లైబ్రరీకి రంగులేస్తున్నారు. సోమవారం తెరుస్తారు. ఆలోపల నీ సర్వరుతో అన్నీ లేచాయంటే ఇకమీదట లైబ్రరీ నువ్వే చూసుకో. పెద్దదాని మోకాళ్ళకి కాస్త విశ్రాంతి."

'నా మోకాళ్ళ ఊసు ఇప్పుడెవరెత్తారు?' అనుకుంది పెద్దకోడలు. పైకి మాత్రం, "మంచిదే కదా మావయ్యా" అని గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. గిన్నెలు మామూలు కంటే గట్టిగానే చప్పుడు చేశాయి.

ఆ రోజు నుంచి ఆమెకు ఆ పిల్లలో ప్రతిదీ తప్పుగానే కనపడింది. చూడకుండానే టకటకా టైపు కొట్టే ఆ వేళ్ళు. ఆవులింతలో కూడా అందంగా ఉండే ఆ మొహం. కాలేజీలో ఫ్యాను కింద కూర్చుని నేర్చుకున్న చదువు. అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది కట్టుకున్నవాడి మాట. దుకాణంలో ఒక నెట్‌వర్క్ పెట్టె మొరాయిస్తే, ఎప్పుడూ "ఏమే, ఇలా రా" అని పిలిచే మనిషి, పక్కనే ఉన్న తనను దాటుకుని, "మరదలేదీ?" అన్నాడు. ఆ రెండు ముక్కలూ ఆమె లోపల రెండు రోజులు తిరిగాయి.

శనివారం పొద్దున్నే లైబ్రరీ కింది అంతస్తులో, పాత పత్రికలు పెట్టే చిన్న గదిలో, చిన్నకోడలు ఒక పాత కంప్యూటర్ దుమ్ము దులిపి సర్వరుగా నిలబెట్టింది. మరిది అప్పుడే ఆ పిల్లకు సర్వరమ్మ అని పేరు పెట్టేశాడు. లైబ్రరీ చూసే మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్దకోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

ముందు దుకాణం నుంచి తెచ్చిన కొత్త రూటరు ఒకటి తగిలించారు. అర నిమిషంలో తెర మీద ఒక వరుస వచ్చింది. ఫలానా నంబరు అడిగింది, ఫలానా ఫైలు ఇచ్చాను అని. రూటరు మీద పచ్చ దీపం వెలిగింది. మేడమ్ చప్పట్లు కొట్టింది. పెద్దకోడలికి ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టున్నాయి.

"ఇక మన ముప్పై ఒకటీ" అని చిన్నకోడలు మెయిన్ స్విచ్ వేయించింది.

పైన దీపాలు వెలిగాయి. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. నిమిషమైంది. ఐదు నిమిషాలైంది. రూటర్లన్నీ లేచాయి, కానీ తమ దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్‌తోనే లేచాయి. సర్వరును పలకరించిన పాపాన ఒక్కటీ పోలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి సంగతి ఆ క్షణమే అర్థమైంది.

ఆరేళ్ళ కిందట, చదువుకునే హాల్లో ఎవరో పాఠకుడు తన సొంత వైఫై డబ్బా ఒకటి తెచ్చి గోడకు తగిలించాడు. పొద్దున్నే లేచిన రూటర్లు కేకేస్తే ఆ డబ్బా ముందు పలికింది. రూటర్లు పిచ్చి అడ్రసులు పుచ్చుకుని కూర్చున్నాయి. రెండు రోజులు నెట్ లేదు. మావయ్య అందరి ముందూ ఆమెను దులిపేశాడు. అప్పుడామె పంతం పట్టి, ఒక్కోదానికీ కేబుల్ గుచ్చి, స్విచ్ వేసిన మొదటి ఐదు సెకన్లలో లోపలికి దూరి, 'ఎవర్నీ అడక్కు, నీ కడుపులో ఉన్నదాంతోనే లే' అని అమర్చేసింది. వెనక బొత్తం నొక్కి అన్నీ చెరిపేసినా ఆ అమరిక చెరగదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

చిన్నకోడలు తీగలు పీకి పెట్టింది. జాబితా మళ్ళీ చదివింది. సర్వరును ఆపి మళ్ళీ లేపింది. నిచ్చెనెక్కి నాలుగు రూటర్ల వెనక బొత్తాలు నొక్కింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల మొహం వాడిపోయింది. పెద్దకోడలు మాత్రం ఒక పాత పత్రిక తీసి తాపీగా తిరగేసింది.

"అక్కా, నీకేమైనా తడుతోందా?"

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదే. వచ్చింది. తీరా వచ్చాక దాన్ని వెంటనే ఖర్చు పెట్టబుద్ధి కాలేదు.

"నాకేం తెలుసు తల్లీ? నేను నిచ్చెన మనిషిని."

ఆ రోజంతా ఆమె హాయిగా ఉంది. మర్నాడు ఆదివారం పదింటికి మావయ్య కూడా వచ్చాడు. చిన్నకోడలు కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ, గొంతు తడబడలేదు.

"అన్నీ చూశాను మావయ్యా. సర్వరు తప్పేం లేదు. ఈ రూటర్లే ముసలివైపోయాయి. నెట్ మీంచి లేచే తెలివి వీటికి లేదు. పీకేసి కొత్తవి పెట్టాల్సిందే."

"అన్నీ పోయాయా?" అంది మేడమ్ కంగారుగా.

"ఇన్నాళ్ళూ ఈ చెత్తతో నెట్టుకొచ్చామన్నమాట!" అన్నాడు మరిది.

పెద్దకోడలు ఇంకొక్క రోజు నోరు మూసుకుంటే చాలు. సోమవారం దాటిపోయేది. సర్వరు అటకెక్కేది. ఆమెకా లెక్క బాగా తెలుసు. కానీ చెత్త అన్న మాట చెవిన పడగానే ఒళ్ళు మండిపోయింది.

"ఏంటీ, చెత్తా? ఈ ఆరేళ్ళలో ఒక్కపూట పడుకున్నాయా అవి? తెలివి లేదంటావా? అడగడం చేతకాక ఊరుకున్నాయనుకున్నావా? అడగొద్దని నేను చెప్పాను కాబట్టి ఊరుకున్నాయి!"

అనేశాక గానీ ఏమందో ఆమెకు తెలియలేదు.

చిన్నకోడలు మెల్లగా ఇటు తిరిగింది. "నిన్నట్నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

మరిచిపోయాను అనొచ్చు. ఇప్పుడే గుర్తొచ్చింది అనొచ్చు. "నువ్వు గెలుస్తావని" అంది పెద్దకోడలు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. తిడతాడనుకుంది. ఆయన గోడకానించిన నిచ్చెన వైపు చెయ్యి చూపించి, "విప్పు" అని మాత్రం అన్నాడు.

ఒక్కోటీ విప్పడం మొదలుపెట్టింది. ఆమె పైన తన పాత లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, చిన్నకోడలు కింద నిచ్చెన పట్టుకుని. కేబుల్ గుచ్చడం, తీగ పీకి పెట్టడం, ఐదు సెకన్లలో లోపలికి దూరడం, ఆ అమరిక తిప్పడం, బయటికి రావడం. రూటరు మళ్ళీ లేచి కేకేసేది. కింద బల్ల మీదున్న చిన్నకోడలి లాప్‌టాప్‌లో సర్వరు తెర మీద వరుస పడేది.

"అడిగింది" అనేది చిన్నకోడలు పొడిగా.

ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దకోడలికి గుండెలో చిన్న ముల్లు దిగేది. ఆ రూటరు ఇన్నేళ్ళూ ఆమె చేత్తో పెట్టింది తిని లేచింది. ఇప్పుడు ఆమె చేత్తోనే దాన్ని ఇంకొకరి వాకిట్లోకి పంపుతోంది. పది. పద్దెనిమిది. ఇరవై నాలుగు. సాయంత్రం నాలుగింటికి ముప్పై అయ్యాయి.

ఆఖరిది చదువుకునే హాల్లో కమాను పైన, అన్నిటికంటే ఎత్తున ఉంది. పై మెట్టు మీద కూర్చున్న పెద్దకోడలు కేబుల్ చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

"ఏమైంది?"

"పాస్‌వర్డ్ చెప్పు."

"ఏ పాస్‌వర్డు?"

"సర్వరుది."

చిన్నకోడలు తలెత్తి చూసింది. "ఎందుకక్కా? ఏం కావాలన్నా నన్నడుగు, చేసిపెడతా."

"ఈ మాట నేను ఎనిమిదేళ్ళు అందరికీ చెప్పాను. అందులో ఎంత రుచుందో నాకు తెలుసు."

"ఇస్తే ఏదో ఒకటి మార్చేస్తావు."

"మారుస్తానేమో."

"నిన్న నన్ను అంత తిప్పలు పెట్టినదానివి!"

"అందుకే అడుగుతున్నా. రేపు తెలిసి తెలిసి ఊరుకునేది నువ్వవుతావు."

చిన్నకోడలు నిచ్చెనను అటూ ఇటూ చూసింది, వదిలేస్తే ఎలా ఉంటుందా అన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి గబగబా అంది. "నీకొక్కదానికే కడుపు మండుతుందనుకున్నావా? నిన్న నేను సర్వరు పెడుతుంటే ఆ మేడమ్ ప్రతి మాటకీ నీ వైపే చూసింది. మా ఆయన నన్ను సర్వరమ్మా అని వెక్కిరించాడే గానీ, 'వదిన ఏమంది' అని నాలుగుసార్లడిగాడు. నేను చేసిందంతా నువ్వు ఊ అంటేనే నిజమైనట్టు. నాకెలా ఉంటుందో తెలుసా?"

పెద్దకోడలికి అదేదీ కనపడనే లేదు. ఆ రోజంతా ఆమె ఆ పిల్ల వేళ్ళనే చూస్తూ గడిపింది.

"ఏంటా గుసగుసలు? లేచిందా లేదా?" హాలు చివరి నుంచి మావయ్య అరిచాడు.

"వస్తోంది మావయ్యా!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

చిన్నకోడలు తన లాప్‌టాప్ పైకందించింది. "ఇటు తిప్పు, నేను కొడతా."

"నువ్వు కొట్టడం కాదు. నువ్వు చెప్పు, నేను కొడతా."

ఆ పిల్ల రెండు మెట్లెక్కి, చుట్టూ చూసి, పెద్దకోడలి మోకాలి దగ్గర నిలబడి ఒక్కో అక్షరం చెప్పింది. పెద్దకోడలు ఒక్క వేలితో కొట్టింది. సర్వరు తెరుచుకుంది. తన రూటర్లన్నీ జాబితాలో వరుసగా ఉన్నాయి. కింది దాకా చూసి నవ్వింది.

"ముప్పై ఒకటోది తప్పు."

"తప్పేంటి? దుకాణం పుస్తకంలో చూసే రాశాను."

"పుస్తకంలో ఉన్నది పాతదాని నంబరు. రెండేళ్ళ కిందట దాన్ని తీసేసి దీన్ని పెట్టాను, అడగొద్దని దీనికీ చెప్పాను. ఇది ఎంత అడిగినా నీ సర్వరు 'నువ్వెవరు' అనేది."

రూటరును బోర్లించి, దాని పొట్ట మీద అంటించిన నంబరు చదువుకుంటూ జాబితాలో తానే దిద్దింది. ఆ తర్వాత అమరిక విప్పింది. రూటరు ఆరి, లేచి, కేకేసింది. వరుస పడింది. ఈసారి "అడిగింది" అన్నది పెద్దకోడలే.

"చూశారా మేడమ్, మా చిన్నకోడలు!" అన్నాడు మావయ్య చేతులు రుద్దుకుంటూ.

ఆరిందనుకున్న మంట నిచ్చెన మీదే మళ్ళీ భగ్గుమంది. "ముప్పై ఒక్కటీ విప్పింది నేను మావయ్యా! ఆఖరిదాన్ని జాబితాలో చేర్చిందీ నేనే!"

"పాస్‌వర్డ్ చెప్పింది నేను" అంది కింద నుంచి చిన్నకోడలు, చిన్నగానైనా అందరికీ వినపడేలా.

"సరే సరే, ఇద్దరూను" అన్నాడు మావయ్య. ఆ మాట ఇద్దరికీ చాలలేదు.

"నెట్ పోతే మరి నేనెవరికి ఫోన్ చెయ్యాలి?" అంది మేడమ్. మావయ్య ఒక కోడలి మొహం చూశాడు, రెండో కోడలి మొహం చూశాడు.

"ఇద్దరికీ చెయ్యండి" అంది పెద్దకోడలు నిచ్చెన దిగుతూ. "నాకు ముందు."

"ఒకేసారి చెయ్యండి మేడమ్" అంది చిన్నకోడలు. "ముందు ఎత్తినవాళ్ళే వస్తారు."

నిచ్చెన మరిది భుజానికెక్కింది, పాత లాప్‌టాప్ అతని చంకలోకి చేరింది. సర్వరు తెరిచిన లాప్‌టాప్ ఎవరు పట్టుకోవాలో మాత్రం తేలలేదు. చెరో అంచూ పట్టుకుని, అడుగులు కలపకుండా, తోడికోడళ్ళిద్దరూ మెట్లు దిగారు.