వదలని పేరు

పాత పెట్టె అమ్మినవాళ్ళూ, కొత్త పెట్టె అమ్మినవాళ్ళూ, ఈ మాట మీ ఇద్దరికే. చచ్చిపోయిన మనిషిని తెచ్చి పసిపిల్లల గుండెల మీద కాపలా పెట్టింది మీరు. ఒకరి పెట్టె మాట ఇంకొకరి పెట్టెకు అర్థం కాకుండా తయారుచేసి, అదేదో గొప్ప వ్యాపార రహస్యమన్నట్టు మీసం మెలేసింది మీరు. ఏం జరిగిందో కూర్చుని వినండి.

అది పిల్లల ఆసుపత్రి. అట్టడుగున కిటికీ లేని గది. నడి ఎండల్లో కూడా శాలువా కప్పుకుని కూర్చోవాల్సినంత చలి. అందులో బీరువాల్లాంటి రెండు పెట్టెలు పక్కపక్కన. స్కానింగు బొమ్మలన్నీ వాటిలోనే దాస్తారు. పైన ఏ డాక్టరు ఏ బొమ్మ అడిగినా వైర్ల మీదుగా ఇక్కణ్ణుంచే వెళ్ళాలి. పెట్టెలు రెండూ రెండు కంపెనీలవి. ఒకదాని భాష ఒకదానికి రాదు గనక మధ్యలో దుబాసీలా ఒక చిన్న యంత్రం.

ఈ గది చూసుకునే ఆమెను అందరూ బొమ్మలమ్మ అంటారు. అంతకుముందు ఆ కుర్చీ ఆమె అన్నయ్యది. దుబాసీ యంత్రం బిగించిందీ ఆయనే. అది బిగించిన కొన్నాళ్ళకే, పోయిన వానాకాలంలో, లారీ గుద్ది పోయాడు.

ఆ మధ్యాహ్నం గుండె డాక్టరు ఫోన్ చేశాడు.

"బొమ్మలమ్మా, మీ మేనకోడలి బొమ్మ తెరుచుకోవట్లేదు. ఎవరో పట్టుకుని కూర్చున్నారని చూపిస్తోంది. రేపు పొద్దున ఆపరేషన్. బొమ్మ చూడకుండా కళ్ళకు గంతలు కట్టుకుని కొయ్యమంటావా?"

"మళ్ళీ తీయించడానికి లేదా సార్?"

"రంగుమందు మళ్ళీ ఎక్కిస్తే కిడ్నీలు తట్టుకోవు. వాయిదా వేస్తే గుండె తట్టుకోదు. ఆ ఉన్న బొమ్మే కావాలి."

ఒక బొమ్మను ఒకరు తెరిచి దాని మీద గుర్తులు పెడుతుంటే రెండోవాళ్ళను పెట్టె రానివ్వదు. ఒకరి రాతను ఇంకొకరు చెరపకుండా పెట్టిన కట్టుబాటు అది, మంచిదే. ఇంతకీ పట్టుకున్నది ఎవరా అని బొమ్మలమ్మ చూసింది.

తెర మీద అన్నయ్య పేరు. దాని పక్కన, ఆఖరిసారి చూసిన సమయం: ఇప్పుడే.

మళ్ళీ నొక్కింది. ఇప్పుడే. లేచి నీళ్ళు తాగి వచ్చి నొక్కింది. ఇప్పుడే.

మిగతా పిల్లల బొమ్మలూ వెతికింది. చాలావాటి పక్కన అదే పేరు. వాళ్ళలో ఒక పసివాడు నిన్ననే పుట్టాడు. పేరైనా పెట్టలేదు. ఎప్పుడో పోయిన మనిషి నిన్న పుట్టినవాణ్ణి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు కంపెనీల వాళ్ళనూ ఒకే ఫోన్లో పట్టుకుంది.

"దుబాసీ ఏ పేరు చెబితే ఆ పేరు రాసుకుంటామమ్మా. అందులో మా తప్పేముంది?" అన్నాడు పాత పెట్టె మనిషి.

"మేం అసలు డాక్టర్ల పేర్లే పంపుతున్నాం. వాళ్ళ పెట్టెకు అవి అర్థం కావు. అర్థం కానప్పుడల్లా దుబాసీ తనను బిగించినవాడి పేరు వేసేస్తుంది," అన్నాడు కొత్త పెట్టె మనిషి.

"సరే, మా అన్నయ్య పేరు పడింది. పనయ్యాక వదలాలి కదా?"

"పట్టుకున్న మనిషే వచ్చి వదలమనాలమ్మా," అన్నాడు పాతవాడు.

"ఆ మనిషి చచ్చిపోయాడండీ."

"మా పద్ధతిలో దానికి వీలు పెట్టలేదు."

"పట్టుకునేటప్పుడు బతికున్నాడా అని అడగలేదు. వదలడానికి మాత్రం ఆయనే లేచి రావాలా?"

ఇద్దరూ పైవాళ్ళ మీదకు తోశారు. పెట్టెల లోగుట్టు ఒకరికొకరు చెప్పుకోవడానికి పైవాళ్ళు ఒప్పుకోరట. గోడకు చెప్పుకున్నా నయం.

దయ్యం కాదు, రెండు కంపెనీల పొగరు. ఆ సంగతి బొమ్మలమ్మకు తెలుసు. అన్నయ్య పోయాక తీసేసిన ఖాతాను పాత నంబరుతోనే మళ్ళీ పుట్టించి, తానే అన్నయ్యై వదలమని చెబుదామనుకుంది. ఆయన పేరు కొట్టింది.

పెట్టె జవాబిచ్చింది: ఈ మనిషి ఇప్పటికే లోపల ఉన్నాడు.

పాత పెట్టెలో డిస్కులు ఒక్కసారి టకటకలాడాయి, ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

అప్పుడే వదిన వార్డులోంచి దిగి వచ్చింది.

"ఏమ్మా, దొరికిందా? పిల్ల ఆకలంటోంది, పెట్టొద్దన్నారు..." తెర చూసి ఆగిపోయింది. కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుని కూర్చుంది. "ఆయన చూస్తున్నారా దాన్ని?"

"యంత్రం తిక్క వదినా."

"తిక్కైతే మాత్రం, ఇప్పుడే అని ఉంది కదా." అంది వదిన. "ఇంట్లో పిలిస్తే ఒక్కసారికి పలికేవారు కాదు. ఇక్కడేమో కదలకుండా కూర్చున్నారు."

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఎవరు ఏది పట్టుకున్నారో పాత పెట్టె తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటుంది. కరెంటు తీసేస్తే మరిచిపోతుంది. కానీ పిల్ల బొమ్మ ఆ జ్ఞాపకంలోంచి డిస్కు మీదకు పూర్తిగా దిగిందో లేదో చెప్పగలిగినవాడు లేడు. దిగకపోతే ఆ బొమ్మా పోతుంది. బొమ్మలమ్మ అదంతా దాచకుండా చెప్పింది.

వదిన లేచి పాత పెట్టె ముందు నిలబడింది. "ఇంక చాలండీ. దాన్ని డాక్టరుకిచ్చెయ్యండి. నేను చూసుకుంటాను," అంది మామూలుగా, గుమ్మం దగ్గర చెప్పినట్టు. తర్వాత ఆడపడుచు వైపు తిరిగింది. "తియ్యి."

తీసింది. దీపాలు ఆరిపోయాయి. డిస్కులు మాత్రం వెంటనే ఆగలేదు. వాటి తిరుగుడు సన్నబడుతూ, ఎవరో మెట్లెక్కి దూరంగా పోతున్నట్టు చాలాసేపు వినిపించింది.

కరెంటు మళ్ళీ ఇచ్చారు. బొమ్మ చెక్కుచెదరకుండా తెరుచుకుంది. "వచ్చింది. దారి కనబడుతోంది," అన్నాడు డాక్టరు ఫోన్లో. మర్నాడు కోతా, కుట్టూ సవ్యంగా జరిగాయి. పిల్ల బతికింది.

కానీ ఆ మధ్యాహ్నం డాక్టరు ఫోన్ పెట్టేసిన వెంటనే, వాళ్ళ కళ్ళ ముందే, ఖాళీ అయిన తెర మీద ఒక వరస మొలిచింది. పైన ఏ డాక్టరు తెరిచాడో, నిన్న పుట్టిన పసివాడి బొమ్మ. పక్కన అన్నయ్య పేరు.

వదిన ఆ పేరు మీద వేలు పెట్టింది. "మన పిల్లని వదిలారు," అంది గొంతు తగ్గించి, "వాళ్ళ పిల్లాణ్ణి ఎందుకు పట్టుకున్నారు?"

ఆమెకు జవాబు చెప్పాల్సింది మీరు. ఆ పసివాడి తల్లి ఇంకా వార్డులోనే ఉంది. వాడి కోసం మళ్ళీ కరెంటు తియ్యాలి, బొమ్మ దక్కుతుందో లేదో దేవుడికి తెలియాలి. ఎన్నిసార్లు ఈ జూదం? మీ పెట్టెలు దేన్ని ఎలా పట్టుకుంటాయో, ఎలా వదులుతాయో రాసి అందరి ముందూ పెట్టండి. మీ ఇద్దరి మనుషులనూ ఈ పూటే ఆ గదిలోకి పంపండి. చచ్చినవాడి పట్టు విడిపించేదాకా వాళ్ళను బయటికి రానివ్వకండి.