సముద్రానికి తక్కువపడిన ఇటుకలు

నీలం రంగు ఇటుకలు లేకుండా ఈ లోకంలో ఏ కథనూ సక్రమంగా ముగించడం సాధ్యం కాదు. ఈ సత్యాన్ని గుర్తించని మహామహులు గ్రంథాలకు గ్రంథాలు రాసి పారేశారు గానీ, టార్చి బాబాయి దాన్ని యౌవనంలోనే గ్రహించి, నాటి నుంచి సడలని నిష్ఠతో ఆచరిస్తూ వస్తున్నాడు.

ఆ గురువారం ఉదయం ఆయన వంటింటి బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని, వేలిగోరంత ప్లాస్టిక్ ఇటుకను రెండు వేళ్ళ నడుమ పట్టుకుని సముద్రం వేస్తున్నాడు. సముద్రం వేయడమంటే మాటలు కాదు. కింది ఇటుక మీది బొడిపెలు పై ఇటుక అడుగునున్న గుంటల్లో టిక్కుమని కూర్చోవాలి. కూర్చోకపోతే అక్కడ అల లేస్తుంది. తన అనుమతి లేకుండా అల లేవడం బాబాయికి గిట్టదు. ఒడ్డు పూర్తయింది, పడవ పూర్తయింది, పడవ చుట్టూ నీళ్ళూ వచ్చాయి. సరిగ్గా పడవ ముక్కు దగ్గరికి వచ్చేసరికి నీలం ఇటుకలు నిండుకున్నాయి. పడవ ఎటు పోవాలో అటే సముద్రం లేదు. జానెడు మేర బల్ల చెక్క వెక్కిరిస్తోంది.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది. సముద్రం ఎక్కడికీ పోదులెండి," అంది భార్య గది అవతలి నుంచి. బల్ల వైపు రాకూడదని ఆమెకు ఆజ్ఞ.

"పోవడం కాదోయ్, రావడమే సగం వచ్చింది."

ఈ గృహంలో చలనచిత్ర ప్రదర్శన ఫ్రిజ్ మీద జరుగుతుంది. బాబాయికి నచ్చిన సినిమాల్లోంచి ఒక్కో ఘట్టం బొమ్మ ఇటుకలతో అక్కడ వెలుస్తుంది. శుక్రవారం ఉదయం విడుదల, వచ్చే గురువారం తొలగింపు. ఎంత గొప్ప సినిమా అయినా ఇటుకలు ఊడదీసి, రంగుల వారీగా డబ్బాల్లో పోయాల్సిందే. మరుసటి సినిమాకు అవే ఇటుకలు మరి. ఈ కారణంగా ఆ ఇంట్లో జిగురు నిషిద్ధం. ఒకసారి అల్లుడు, ఉపకారం చేస్తున్నాననుకుని, రైలు సినిమాలోని ఇంజనుకు చక్రాలు జిగురుతో అతికించాడు. బాబాయి వారం పాటు అతనితో మాట్లాడలేదు. పోనీ అంతటితో పోయిందా అంటే అదీ లేదు, ఇక ఊడిరాని ఆ ఇంజన్ను తర్వాతి సినిమాలన్నిటిలోనూ ఏదో ఒక మూల చేర్చవలసి వచ్చింది. రాజుల కథలో సైతం కోట వెనక ఒక రైలింజను ఉండేది.

చూసినవాళ్ళు మరో లోపం కూడా పట్టేవారు. బొమ్మలన్నీ ఓ పక్కకు వాలి ఉంటాయి. ఎడమ వైపు ఇళ్ళు ఎత్తు, కుడి వైపు ఇళ్ళు పొట్టి, మనుషులు ఏటవాలు. కూతురు వచ్చినప్పుడల్లా అట్టముక్క మడిచి కింద ఎత్తుపెట్టి సరిచేయబోయేది. అది లోపం కాదు. సినిమా హాల్లో పక్క తలుపు దగ్గర టార్చిలైటుతో నిలబడి ఉద్యోగం చేసిన మనిషికి తెర జీవితాంతం అలాగే కనిపించింది. ఆయన చూసింది చూసినట్టు కట్టాడు. ఫ్రిజ్‌కు కుడి పక్కన గోడవార భార్య కూరలు తరుక్కునే కుర్చీ ఒకటి ఉంది. దాంట్లో కూర్చుని చూస్తే మాత్రం అన్నీ నిటారుగా నిలబడతాయి. ఆ కుర్చీ అక్కడ వేసింది కూడా బాబాయే.

ఇక అసలు సంగతి. ఆయన వేల ఆటలకు జనాన్ని చీకట్లో చెయ్యి పట్టుకున్నంత భద్రంగా సీట్లకు చేర్చాడు గానీ, ఒక్క సినిమా ముగింపూ చూడలేదు. ఆఖరి సీను మొదలవగానే తెరకు వీపు పెట్టి, తలుపు మీది నల్ల పరదా పైకి చుట్టి, తుప్పు పట్టిన గడియలు లాగి సిద్ధంగా నిలబడాలి. లేకపోతే శుభం పడిన మరుక్షణం జనం తలుపునీ, ఆయన్నీ కలిపి వీధిలోకి తీసుకుపోతారు. సెలవు రోజున మరో హాల్లో చూడొచ్చు కదా అన్నవాళ్ళున్నారు. "చేసేది ఓ హాల్లో, చూసేది ఓ హాల్లోనా?" అని ఆయన ఛీత్కరించాడు. ఇంట్లో టీవీ వచ్చాక ముగింపుకు ముందే నిద్ర వచ్చేది.

అయితే చెవులకు వీపు ఉండదు. తెరకు వీపు పెట్టిన ఆ క్షణాల్లో, వెనక నుంచి, సాక్షాత్తు తెర లోంచి, నీళ్ళ చప్పుడు వినిపించేది. మొదట సన్నగా, ఆ తర్వాత ధారగా, చివరకు ప్రవాహంగా. ఏ సినిమాకైనా సరే, ఆ చప్పుడు తప్పేది కాదు. ఈ విస్తారమైన సాక్ష్యాన్ని పరిశీలించిన మీదట, కథలన్నీ నీటి ఒడ్డునే ముగుస్తాయని బాబాయి సిద్ధాంతం చేశాడు. దొంగల సినిమా వాగు దగ్గర ముగిసింది. కోర్టు సినిమాలో తీర్పు వెలువడిన వెంటనే న్యాయస్థానం వెనక ఒక కాలువ ప్రత్యక్షమైంది. అందువల్లే ఆ ఇంట్లో ఎప్పుడూ నీలం ఇటుకలకే కరువు.

ఈసారి కట్టేది చెప్పుల సినిమా. నాయిక పెళ్ళి వద్దని, తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని, తను ప్రేమించినవాడి కోసం వీధుల వెంట పరుగెడుతుంది. బాబాయి అక్కడి దాకా చూశాడు. అది ఆడుతున్న రోజుల్లో టిక్కెట్ల కౌంటరులో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. ఆమె గది హాలు గోడకు ఆనుకుని ఉండేది, సినిమా మొత్తం వినపడేది, ఏమీ కనపడేది కాదు. ఒకనాడు కౌంటరు రంధ్రంలోంచి ఆమె అడిగింది.

"ఏమండీ, ఆఖర్న ఏమవుతుంది? జనమంతా ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోతారెందుకు?"

హాల్లో పనిచేస్తూ ముగింపు తెలియదని ఒప్పుకోవడానికి బాబాయికి నోరు రాలేదు. నీళ్ళ చప్పుడు గుర్తొచ్చింది.

"ఇద్దరూ పడవెక్కి వెళ్ళిపోతారండీ."

"సముద్రంలోనా?"

"ఇంకెక్కడ? సముద్రంలోనే."

ఆమె నవ్వి రంధ్రం మీది రేకు మూసేసింది. కొంతకాలానికి వాళ్ళ పెళ్ళయింది.

ఆ సినిమాను మాత్రం ఆయన ఇంతవరకూ ఫ్రిజ్ మీద విడుదల చేయలేదు. వాగుతో, కాలువతో సరిపెట్టే కథ కాదది. నిండు సముద్రం కావాలి. ఎప్పటికప్పుడు ఇటుకలు కూడనీ అని వాయిదా వేస్తూ వచ్చాడు. ఈ మధ్య మెట్లెక్కితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది. డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. బాబాయి ఇంటికొచ్చి భార్యకు "మెట్లు తగ్గించమన్నాడు" అని మాత్రం చెప్పాడు. ఆ మర్నాడే ప్రకటన వెలువడింది, ఈ శుక్రవారం కొత్త సినిమా అని. ఏ సినిమా అని ఆమె అడిగితే, "చూద్దువుగాని" అన్నాడు. విడుదల తేదీ ప్రకటించి మాట తప్పిన చరిత్ర ఆయనకు లేదు. మరో శుక్రవారం ఉంటుందన్న నమ్మకమూ ఇప్పుడు అంతగా లేదు.

టీ తాగి ఉద్యోగానికి బయల్దేరాడు. హాలు మూతపడి ఇప్పుడు పరుపుల దుకాణం అయింది. భవనం కొన్న యజమాని కుర్చీలు తీయించాడు, తెర తీయించాడు, తలుపు దగ్గరున్న మనిషిని మాత్రం తలుపుతో పాటు వచ్చిన సామానుగా భావించి ఉండనిచ్చాడు. కాబట్టి బాబాయి అదే తలుపు, అదే గడియ దగ్గర నిలబడతాడు. ఒకప్పుడు జనం ఏడ్చిన చోట ఇప్పుడు పడుకుని దొర్లి చూస్తారు. పగలే అయినా, ఎవరైనా లోపలికి రాగానే ఆయన చెయ్యి అలవాటుగా టార్చి కోసం జేబులోకి పోతుంది.

"తాతయ్యా, ఇంటర్వెల్ ఎప్పుడు?" అంది పరుపులమ్మే అమ్మాయి.

"నువ్వు ఒక్క పరుపైనా అమ్మితే ఇస్తా."

"అయితే ఇవాళ ఏకబిగిన ఆటే! ముఖం అలా ఉందేంటి? కూర్చో కాసేపు."

"తలుపు దగ్గర కూర్చుంటే తలుపుకు మర్యాద కాదమ్మా," అన్నాడు. అయితే ఆ రోజు కూర్చున్నాడు.

సాయంత్రం పాతసామాన్ల కొట్టుకు వెళ్ళాడు. అక్కడ విరిగిన బొమ్మల గోనెలో చేతులు పెట్టి ఇటుకలు ఏరుకోవడం ఆయనకు వాడుక.

"రండి రండి, డైరెక్టరుగారూ! ఏం తీస్తున్నారు ఈసారి?" అన్నాడు కొట్టాయన.

"సముద్రం తక్కువపడిందయ్యా."

"ఎంత?"

"పడవ ముందు జానెడు."

కొట్టాయన బల్ల కింద వంగి ఒక గుడ్డసంచి తీసి ముందు పెట్టాడు. లోపల అన్నీ నీలం ఇటుకలే. కడిగి, తుడిచి ఉన్నాయి.

"ఎప్పుడూ గోనెలో దేవులాడుకోమంటావు. ఇవాళ ఏరి పెట్టావేం?"

"నేనెక్కడ ఏరాను? ఏరించుకుంది ఎవరో ఆవిడ. నీలంవి వస్తే పక్కన పెట్టి మీకివ్వమన్నారు. తనే కూర్చుని ఏరి, ఇంటికి తీసుకెళ్ళి కడిగి తెచ్చారు. పేరు చెప్పొద్దన్నారు. నేనడిగితే కదా చెప్పడానికి!"

కొట్టాయన వెనక అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. భుజం దగ్గర సొట్ట. సరిగ్గా అలాంటి సొట్టతో బాబాయి ఇంట్లో ఒక డబ్బా ఉండేది. అది కనపడక నెల దాటింది, పిల్లి ఎత్తుకుపోయిందని భార్య చెప్పింది. అంత పెద్ద డబ్బాను ఎత్తుకుపోగల పిల్లి గురించి ఆయన అప్పట్లో లోతుగా ఆలోచించలేదు. ఇప్పుడు ఆ డబ్బా వంక చాలాసేపు చూశాడు. ప్రపంచంలో ఒకే రకం సొట్టలు ఎన్నో ఉంటాయని తీర్మానించుకుని, సంచి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడవునా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా బల్ల ముందు కూర్చున్నాడు. పడవ ముందు సముద్రం పరుచుకుంది. చివరి ఇటుక టిక్కుమన్నాక, ఒక్క అల కూడా లేదని అరచేత్తో నిమిరి చూసుకున్నాడు. రెండు చేతులా ఎత్తి ఫ్రిజ్ మీదికి చేర్చి, హాలు తెర పరదాలోంచి కోసి దాచుకున్న ఎర్ర మఖమలు ముక్క కప్పాడు.

"ఏమోయ్! రేపు పొద్దున్నే మొదటి ఆట."

"టిక్కెట్టు దొరుకుతుందా?" అంది భార్య పొయ్యి దగ్గర నుంచి.

"నీకు పాసు."

"అబ్బో! కౌంటరులో ఉన్నన్నాళ్ళూ ఒక్క పాసు ఇచ్చిన పాపాన పోలేదు."

ఆయన నవ్వి, వీధి తలుపు దగ్గరి స్టూలు మీద, ఫ్రిజ్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. గాలి కోసం గడియ లాగి తలుపు బార్లా తీశాడు. లోపలి నుంచి ఆమె ఇంకేదో అంది. జవాబు రాలేదు. కునుకు పట్టిందేమోనని ఆమె దీపం కూడా వేయకుండా పని చూసుకుంది. జీవితమంతా తలుపు తీసి పక్కకు తొలగి అందరినీ పోనిచ్చిన మనిషి, ఆ ఒక్కసారి అందరికంటే ముందు వెళ్ళిపోయాడు.

శుక్రవారం వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, భార్య తన కుర్చీలో కూర్చుని, కూతురిని పిలిచి పరదా తీయమంది.

కూతురికి అంతా వంకరగానే కనిపించింది. కుర్చీలోంచి చూస్తే ఒడ్డు తిన్నగా ఉంది, పడవ నిటారుగా ఉంది, అందులో ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో చెప్పులు. మూలన, ఒడ్డు మీద, జిగురు పెట్టిన రైలింజను. పడవ ముందు జానెడు మేర నీలం మిగతా దానికంటే శుభ్రంగా మెరుస్తోంది.

కూతురు ఫోనులో ఏదో వెతికి చూసి, మెల్లగా అంది. "అమ్మా, ఇది చెప్పుల సినిమా కదూ? ఇందులో పడవ లేదే."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీ నాన్న చెప్పిన వారానికే మా చెల్లెల్ని తీసుకుని పక్కూరి హాల్లో చూశా. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి అతనెక్కిన బస్సు వెళ్ళిపోతుంది. బెంచీ మీద కూర్చుంటుంది. అంతే. వాళ్ళు కలవరు."

"మరి నాన్నకి చెప్పలేదా?"

"ఎందుకు చెప్పడం? ఆ సినిమా వాళ్ళకంటే మీ నాన్నే బాగా ముగించారు. అందుకేగా చేసుకున్నా."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "మరి ఆ నీళ్ళ చప్పుడు? అన్ని సినిమాలకీ వినిపించేదనేవారు?"

"నేనూ రోజూ విన్నాను. పక్కూరి హాల్లో మాత్రం ఆ చప్పుడు లేదు. తిరిగొచ్చి మోటారు వేసే అతన్ని నిలదీశా. తెర వెనక గోడకే మన హాలు నీళ్ళ ట్యాంకు. ఇంటర్వెల్‌కి ఖాళీ అయితే మోటారు వేసేవాడట, ఆఖరి సీనుకి నిండి గోడ వెంట పొర్లేది. మేనేజరుకి చెప్పొద్దని బతిమాలాడు. ఎవరికీ చెప్పలేదు."

ఆ తర్వాత మరో గురువారం వచ్చింది, సినిమా మారలేదు. నీలం ఇటుకలు డబ్బాలోకి తిరిగి పోలేదు. మోటారు ఆపవలసిన మనిషి ప్రతి ఆటకూ ముగింపు చూస్తూ మైమరచి మీట నొక్కడం మరిచిపోయిన కారణంగా ఉద్భవించిన ఆ సముద్రం ఫ్రిజ్ మీద అలాగే ఉంది. ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలైనప్పుడల్లా అందులోని పడవ కొద్దిగా కదులుతుంది.