గుంట నడిమి మట్టి

కుండలకు మట్టి గుంట అంచుల్లోనే తవ్వాలి, నడిమి మట్టి జోలికి పోకూడదు. రుఫిజి నది ఒడ్డున ఆ ఊరి కుమ్మరి ఆడవాళ్ల కట్టుబాటు అది. వానలకు నిండే ఆ గుంటలో చిటికెన వేలంత ఎర్రతోక చేపలు పుడతాయి. ఎండలకు నీళ్లతోపాటే చచ్చిపోతాయి. వాటి గుడ్లు మాత్రం నడిమి బురదలో ఎండి, మళ్లీ వాన కోసం కాచుకుని ఉంటాయి. ఆ చేపలు ఇంకెక్కడా లేవని తెలిశాక ఆ కుమ్మరుల్లో ఒకతె, మ్వాజాబు, కాపలాకు దిగింది. వలతో వచ్చినవాడినల్లా తిట్టి తరిమింది.

ఆమె పెంచి పెద్దచేసిన తమ్ముడు షొమారి పట్నంలో లారీ తోలుతాడు. నడివేసవిలో వచ్చాడు.

"అక్కా, ఇల్లు కట్టుకుంటున్నా. గోడలకు ఓ లారీడు మట్టి తోలుకోనా?"

"మట్టికీ అడగాలట్రా, పెద్దమనిషివైపోయావు! అంచున తవ్వుకో. నడుము పట్టేసింది, నేను రాలేను."

"నాకు తెలీదా ఏంటి? చిన్నప్పుడు నడిమి బురద తొక్కానని చెవి మెలేశావుగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద, కొబ్బరిపాల కూర కడుపునిండా పెట్టి పంపింది.

వానలు పడ్డాయి. గుంట నిండింది. మ్వాజాబు రోజూ ఒడ్డున కూర్చుని చూసింది. కప్పలు అరిచాయి, కలువలు పూశాయి. నెల తిరిగినా ఒక్క ఎర్రతోకా కదల్లేదు. కర్ర దించి చూస్తే, నడిమి అడుగంతా తవ్వేసి ఉంది.

పొరుగింటి హలీమా సంతనుంచి కబురు మోసుకొచ్చింది. "మీ తమ్ముడు మట్టిని సంచుల్లో కట్టి అమ్మాడటే! నీళ్లు పోస్తే రంగు చేపలొస్తాయని విదేశాలవాళ్లు ఎగబడ్డారట. ఊళ్లో వలలన్నీ నీకు కనబడ్డాయి, ఇంట్లో పార కనబడలేదు!"

కంచే చేను మేసింది. గుడ్లు ఎక్కడ నిద్రపోతాయో వాడికి నేర్పింది తనే. ఆ దొంగ తన చేతి కూడు తినే పోయాడు.

పండక్కి షొమారి లారీ దిగాడు. "ఈద్ ముబారక్ అక్కా!"

"ఒక్క సంచీ అయినా మిగిలిందా?"

వాడి మొహం పాలిపోయింది. "లేదక్కా... అన్నీ పోయాయి."

ఆమె వెనక్కి తిరిగింది. నోటితో అనలేనిది కంగా బట్టమీద అచ్చేసిన మాటతో అనడం అక్కడి ఆడవాళ్లకు అలవాటే. ఆమె కట్టిన కొత్త కంగా అంచున ఉంది: "నిన్ను కుట్టే పురుగు నీ బట్టల్లోనే ఉంది."

షొమారి చదివాడు. పండక్కి వాకిట్లో చేరిన ఆడవాళ్లందరూ చదివారు.

కంగాలు ఒకే మాట అచ్చుతో జోడుగానే వస్తాయి. రెండోది మడత పెట్టి తెచ్చింది. "ఇది నీ పెళ్లానికి. ఎవడిని కట్టుకుందో తనకీ తెలియాలి."

వాడు చేయి చాచలేదు. ఆమె దాన్ని లారీ సీటుమీద పెట్టి తలుపు వేసింది.