పేరు లేని రోజున వెలిగిన లాంతరు

నేను ఒక రేకు లాంతరును. కిందటి నవంబరు రెండో తేదీ సాయంత్రం ఐదున్నరకు, సమాధుల తోట గేటు దగ్గర, జకరయ్య నన్ను తన భార్య సువార్తమ్మ చేతిలోంచి లాగాడు. ఆమె వదల్లేదు. ఆ పెనుగులాటలో నేను గేటు స్తంభానికి తగిలాను. నా ముందు అద్దం పగిలింది. జకరయ్య ఆ రోజు తాగి లేడు. తాగే రోజుల్లో అతను నా జోలికి ఎప్పుడూ రాలేదు.

గొడవ అర్థం కావాలంటే నా పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి. రైలు గేటు పక్కన మౌలాలి సాయిబు రేకు పని చేసేవాడు. నూనె డబ్బా కోసి, నాలుగు వైపులా అద్దాలు బిగించి, పైన పొగ పోవడానికి చిల్లులు పెట్టి నన్ను చేశాడు. చేయమన్నది టీ హోటలు శేషగిరి. కార్తీక మాసంలో శివాలయం స్తంభానికి ఎత్తే ఆకాశదీపం కోసం. తాడు కట్టడానికి నా నెత్తిన ఒక కమ్మీ ఉంగరం ఉండేది. తర్వాత శేషగిరి ఇత్తడిది కొంటే బాగుంటుందనుకున్నాడు. నేను మౌలాలి కొట్లోనే వేలాడాను. నాతోపాటు అదే కొలతతో కోసిన ఇంకో లాంతరు దర్గాకు వెళ్లింది.

జకరయ్య తల్లి మార్తమ్మ ఆ కొట్టుకు వచ్చింది. ఆ ఏడే ఆమె భర్త పోయాడు. సమాధి మీద పెట్టడానికి గాలికి ఆరని దీపం కావాలంది. మౌలాలి నన్ను దించి, ఉంగరం కోసేసి, అక్కడ రేకు సిలువ అతికించి ఇచ్చాడు. నేను ఎవరి కోసం పుట్టానో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

వాళ్ల పాత చర్చిలో నవంబరు రెండో తేదీ సమాధుల పండగ. సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పొద్దుగూకే వేళకు అయ్యగారు వరస వెంట నడుస్తూ ప్రార్థన చేస్తారు. ఆ ఒక్క సాయంత్రమే నాకు పని. మిగతా ఏడాదంతా అటక మీద ఉంటాను. ఇంట్లో మాటలు వింటాను.

మార్తమ్మ పోయింది. ఆమెను భర్త పక్కనే పెట్టారు. ఆ తర్వాత కెజియ. జకరయ్యకూ సువార్తమ్మకూ ఒక్కతే కూతురు. మూడో తరగతి చదువుతుండగా జ్వరం వచ్చింది. గుంటూరు తీసుకెళ్తుంటే దారిలో పోయింది. దాంతో నేను వెలిగించాల్సిన సమాధులు మూడయ్యాయి. సువార్తమ్మ నన్ను చిన్నదాని మీదే పెట్టేది. పెద్దవాళ్లకు ఉత్త కొవ్వొత్తులు.

జకరయ్య ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్కు. కూతురు పోయాక తాగుడు మొదలుపెట్టాడు. మామూలు రోజుల్లో కొంత ఆపుకునేవాడు. సమాధుల పండగ నాడు మాత్రం నాలో కొవ్వొత్తి తనే వెలిగించి, ప్రార్థన అయ్యేదాకా నిలబడి, అక్కణ్నుంచి నేరుగా వంతెన పక్కనున్న మందు దుకాణానికి వెళ్లేవాడు. ఆ దుకాణం సమాధుల తోటకూ ఇంటికీ మధ్య దారిలోనే ఉంది. ఆ రోజు మొదలైన తాగుడు క్రిస్మస్ దాటినా ఆగేది కాదు. షెడ్డు యజమాని రెండుసార్లు పనిలోంచి తీసేసి మళ్లీ పెట్టుకున్నాడు.

అతన్ని కాలవ గట్టు మీద నుంచి లేపింది పాస్టర్ తిమోతి. రేకుల షెడ్డులో కొత్తగా మందిరం పెట్టిన మనిషి. జకరయ్యను తన ఇంటికి తీసుకెళ్లి, చేతులు వణికినన్నాళ్లూ పక్కన కూచుని గంజి తాగించాడని సువార్తమ్మ చెప్పగా విన్నాను. చేతులు కుదురుకున్నాక బోధ మొదలుపెట్టాడు. డిసెంబరు ఇరవై అయిదు రోములో సూర్యదేవుడి పుట్టినరోజని, క్రీస్తు పుట్టిన తేదీ బైబిలు వాక్యంలో లేదని చెప్పాడు. నక్షత్రం, చెట్టు, ఈస్టరు, అన్నీ అన్యుల పండగలకు పెట్టిన కొత్త పేర్లన్నాడు. పుట్టినరోజు చేసుకున్నవాళ్లు బైబిల్లో ఇద్దరే, ఒకడు ఫరో, ఒకడు హేరోదు, ఇద్దరూ ఆ రోజు మనిషిని చంపించినవాళ్లే అన్నాడు. సమాధుల పండగంటే పెద్దలకు పెట్టుకోవడమే అన్నాడు.

జకరయ్య సారానూ పండగలనూ ఒకే రోజు వదిలేశాడు. ఏది వదలడం వల్ల ఏది పోయిందో అతనికి తెలియదు. అందుకని ఏదీ మళ్లీ ముట్టుకోలేదు.

సువార్తమ్మ అతని వెంట మందిరానికి వెళ్లింది. డిసెంబరులో ఇంటి మీద నక్షత్రం కట్టే వెదురును తనే దించి దడికి వాడింది. కేకు లేదు, కొత్త చీర లేదు. ఆమె అన్నయ్య ఆశీర్వాదం పాత చర్చిలో సంఘపెద్ద. ఒక డిసెంబరులో వచ్చి వరండాలో కూచున్నాడు.

"ఏం బావా, మీ మందిరంలో క్రీస్తు ఇంకా పుట్టలేదా?"

జకరయ్య నవ్వాడు.

"అది కాదు. సూర్యుడి పండగ అంటాడు గదా మీ పాస్టరు. మరి ఆదివారం ఎవరిదో అడిగావా? ఆదివారం మానేసి మంగళవారం పెట్టమను మందిరం."

"నేను చదువుకోలేదు బావా," అన్నాడు జకరయ్య. "ఆయన మాట వింటంటే పొద్దుగూకేసరికి ఇంటికొస్తన్నా. నాకది చాలు."

ఆశీర్వాదం టీ తాగి వెళ్లిపోయాడు. మనుషులు ప్రతి పండగా ఎక్కణ్నుంచి వచ్చిందో వెతుకుతున్నారు. అటక మీద ఉన్న నన్ను ఎవరూ అడగలేదు.

రెండేళ్లు నన్ను ఎవరూ దించలేదు. నవంబరు రెండు వచ్చినప్పుడల్లా సువార్తమ్మ ఇంట్లోనే కూచుంది. మూడో ఏడు తోట కాపరి ఏలియా బజార్లో కనిపించి, పాప సమాధి మీద గడ్డి లేచింది, ఎవరూ రావట్లేదేందమ్మా అన్నాడు. ఆ నవంబరులో ఆమె స్టూలు వేసుకుని నన్ను దించింది. జకరయ్య షెడ్డులో ఉన్నాడు. ఎవరో చెప్పారు. గేటు దగ్గర ఆమెను అందుకున్నాడు. తర్వాత జరిగింది చెప్పాను.

ఇంటికి వచ్చాక సువార్తమ్మ నన్ను మంచం కింద పెట్టింది. జకరయ్య గుమ్మంలో కూచున్నాడు.

"ఈ రోజొస్తే నేను తాగుతాను. నీకు తెలుసు. అసలీ రోజే లేదన్నాడు పాస్టరుగారు. లేదనుకోబట్టే బతికున్నా."

"నాకు ఈ రోజొక్కటే ఉంది," అంది సువార్తమ్మ.

పాప పుట్టినరోజుకు వెళ్దామా అని ఆమె అడిగింది. అతను ఫరో సంగతి చెప్పాడు. పోయిన రోజుకు వెళ్దామంది. అది తద్దినం అవుతుందన్నాడు. ఈస్టరు పొద్దున అంది. తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఎవరిదీ కాని రోజేదో నువ్వే చెప్పు," అంది.

అతను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. ఆ సాయంత్రం తాగలేదు. నిద్ర కూడా పోలేదు.

అద్దం వేయించడానికి ఆమె నన్ను మౌలాలి దగ్గరికి తీసుకెళ్లింది. అతనికి చూపు తగ్గింది. వేలితో నా నెత్తి తడిమి గుర్తుపట్టాడు.

"ఇది శివాలయానికి చేసిందమ్మా. శేషగిరి వద్దంటే ఉంగరం కోసి మీ అత్తకిచ్చా. చూడు, కోసిన చోటు ఇంకా తెలుస్తంది."

సువార్తమ్మ ఆ చోటు చూసింది. "గాలికి ఆగుద్దా ఆగదా, అది చెప్పు."

"అద్దం వేస్తే ఆగుద్ది."

"వెయ్యి."

ఈ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు.

జనవరిలో ఒక రోజు జకరయ్య మధ్యాహ్నం పని మధ్యలో ఇంటికి వచ్చాడు. చేతులకు గ్రీజు ఉంది. "పోదాం పద. ఇయ్యాల ఏం లేదు. క్యాలెండరు చూశా," అన్నాడు. ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టి నన్ను తీసుకుంది.

గేటు దగ్గర ఏలియా లేచి నిలబడ్డాడు. ఇవాళ ఏంది విశేషం అని అడిగాడు. ఏం లేదని ఆమె చెప్పింది. ఏం లేకపోతే ఎండలో దీపమెందుకని అతనికి అనుమానం వచ్చింది. వాళ్లు లోపలికి నడిచారు.

జకరయ్య గడ్డి పీకాడు. ఆమె కొవ్వొత్తి వెలిగించి నన్ను కెజియ మీద పెట్టింది. ఆ ఎండకు మంట కనపడలేదు. ఆరిపోయిందేమో అని జకరయ్య నా చిల్లుల మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి కాలినా వెంటనే తియ్యలేదు.

"వెలుగుతంది," అన్నాడు.

అతను ఏడవలేదు. షెడ్డుకు వెళ్లి పని చేసి, సాయంత్రం ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. కూచున్నాడు, లేచాడు. చొక్కా అడిగాడు. ఎక్కడికని సువార్తమ్మ అడగలేదు. చొక్కా ఇచ్చింది. ఏ రోజూ కాని రోజును వెతికి పట్టుకున్నా అతని కాళ్లు దుకాణం వైపే లేచాయి. ఇద్దరికీ అది అప్పుడే తెలిసింది. రోజు వల్ల కాదు. సమాధి చూస్తే అతను తాగాలి. చూడకపోతే ఆమె బతకలేదు.

గుమ్మం దాటబోతుంటే ఆమె నన్ను అతని చేతికిచ్చింది.

"పాప దగ్గరికి పోయొద్దాం."

"మధ్యాహ్నం పోయాంగా."

"ఇంకోసారి పోదాం. ఆ తర్వాత నీ ఇష్టం."

వంతెన దగ్గర ఆమె దుకాణం ఉన్న పక్కగా నడిచింది, అతన్ని అవతల వైపు ఉంచింది. మేం వెళ్లాం. చీకటి పడేదాకా కూచున్నాం. ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు అతను దుకాణం ముందు నడక తగ్గించాడు, ఆగలేదు.

మరునాడు సాయంత్రం చొక్కా అడగలేదు, నన్ను అడిగాడు. అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాం. సువార్తమ్మ ఒక్క కొవ్వొత్తిని రెండు ముక్కలు చేసి వాడుతోంది. ఆశీర్వాదం దారిలో ఎదురుపడ్డాడు.

"ఏం బావా, ఏడాదికొక రోజు పాపమన్నావు. ఇప్పుడు రోజూ సమాధుల పండగేనా?"

"అవును బావా," అన్నాడు జకరయ్య. నడుస్తూనే అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆగలేకపోయాడు. షెడ్డు నుంచి ఇంటికి రాలేదు. సువార్తమ్మ వంతెన పక్క నుంచి అతన్ని రిక్షాలో వేసుకుని వచ్చి వరండాలో పడుకోబెట్టింది. తర్వాత నన్ను తీసుకుని ఒక్కతే వెళ్లింది. సమాధి దగ్గర ఆమె ప్రార్థన చెయ్యలేదు. "మీ నాన్న పడుకున్నాడు," అని మాత్రం చెప్పింది.

ఆ వారమే పాస్టర్ తిమోతి ఇంటికి వచ్చాడు. తాగుడు గురించి కోప్పడలేదు. మంచం పట్టె మీద కూచుని నన్ను చూశాడు.

"రోజు మార్చినా దీపం దీపమే జకరయ్యా. చచ్చినవాళ్లకి దీపం పెట్టేది దేవుణ్ని ఎరగనివాళ్లు."

"పాప కోసం కాదండీ. తాగకుండా ఉండటానికి."

"అందుకు ప్రార్థన ఉంది గదా."

"చేస్తన్నా పాస్టరుగారూ. అయినాక కూడా కాళ్లు అటే పోతన్నయ్యి. ఇది చేతిలో ఉంటే దుకాణంలోకి పోవడానికి సిగ్గుగా ఉంటంది."

లాంతరు మానేదాకా, ఆరాధనలో ప్రభువు పేరిట పంచే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవద్దని పాస్టరు చెప్పాడు. అది చెప్పేటప్పుడు అతను గోడ వైపు చూశాడు. నీ కోసం ఉపవాసం ఉంటాను అన్నాడు. జకరయ్య అతన్ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చాడు. ఆ ఆదివారం మందిరంలో రొట్టె పళ్లెం తన ముందు నుంచి పక్కవాళ్లకు వెళ్లిపోయిందని ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. అన్నం తినలేదు.

పాత చర్చికి రమ్మని ఆశీర్వాదం కబురు పెట్టాడు. వచ్చి సంఘం ముందు తప్పు ఒప్పుకుంటే చాలన్నాడు. జకరయ్య వెళ్లలేదు. తనను గట్టు మీద నుంచి లేపింది ఆ సంఘం కాదన్నాడు. ఇప్పుడు మందిరంలో చివరి వరసలో కూచుంటున్నాడు.

సువార్తమ్మకు జ్వరం. మూడు రోజులుగా ఉంది, నిన్న లేవలేకపోయింది. జకరయ్య మాత్ర ఇచ్చి నీళ్లు పక్కన పెట్టాడు. పొద్దు గూకడానికి ఇంకా గంట ఉండగా నన్ను తీసుకున్నాడు.

"ఒక్కడివే పోతావా?" అని ఆమె అడిగింది.

"పోవాలి గదా."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి విడిపించుకుని చెప్పులేసుకున్నాడు.

వంతెన దాకా మామూలుగా నడిచాడు. దుకాణం ముందు ఆగాడు. షెడ్డులో పనిచేసేవాళ్లిద్దరు అక్కడ బల్ల మీద ఉన్నారు. ఒకడు జరిగి చోటిచ్చాడు. జకరయ్య నన్ను వంతెన గోడ మీద పెట్టాడు. అక్కడే నిలబడ్డాడు. ఒక లారీ పోయింది, ఇంకో లారీ పోయింది. జేబులో చెయ్యి పెట్టాడు. బల్ల మీదివాడు, డబ్బులు ఉంచుకో, నేనిస్తాలే అన్నాడు.

జకరయ్య జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మొదటి రెండు పుల్లలు గాలికి ఆరిపోయాయి. మూడో పుల్లతో, ఎండ ఉండగానే, నాలో కొవ్వొత్తి వెలిగించాడు. నా అద్దం తలుపు వేసి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

సమాధుల తోటకు చేరేసరికి కొవ్వొత్తి సగం అయింది.