ఎండలో పెట్టిన డబ్బా

ఆ ఆదివారం మా ఇంట్లో తాతయ్య, అమ్మ, నేను ఉన్నాం. స్నానాల గది మూలన, ఐసు ముక్కల బకెట్‌లో ఒక తెల్ల డబ్బా ఉంది. పదకొండింటికి మా తరగతి అమ్మాయిలు ఇద్దరు వచ్చారు.

డబ్బా తాతయ్యది. ఒక పగలూ ఒక రాత్రీ ఆయన మూత్రమంతా చుక్క పోకుండా అందులో పట్టి పరీక్షకి ఇవ్వాలి. చల్లగా ఉంచాలి. ఐసు కరిగితే మార్చే పని నేనే అడిగి తీసుకున్నాను.

ఆసుపత్రిలో నర్సు చెప్పిన సంగతి నాకు అంతగా నచ్చింది. ఒంట్లో రోజూ పుట్టే ఆమ్లం తనంతట తాను బయటికి పోలేదట. కిడ్నీలు అమ్మోనియా తయారుచేస్తాయి. ఆమ్లంలో చాలా భాగం ఆ అమ్మోనియాని పట్టుకుని మూత్రంలోకి వెళ్తుంది. కిడ్నీలు నీరసిస్తే అమ్మోనియా తగ్గి, ఆమ్లం రక్తంలోనే ఉండిపోతుంది. తాతయ్యకి అలా ఎంత మిగిలిపోతోందో ఈ పరీక్షలో తేలితే, ఆ ఆమ్లాన్ని విరవడానికి రోజూ మింగే ఆరు సోడా మాత్రలు ఉంచాలో తగ్గించాలో డాక్టరు చెబుతాడు. ఆ మాత్రలంటే తాతయ్యకి గిట్టదు.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. అంతా విని, "అయితే బస్సులు తగ్గాయి, జనం స్టాండులోనే పడి ఉన్నారంటావా అమ్మా?" అన్నాడు. నర్సు పడీ పడీ నవ్వింది. నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను.

పల్లె బడి నుంచి వచ్చి ఈ యేడే పట్నం బడిలో చేరాను. క్లాసులో నోట్లో నాలుక లేని పిల్లని. నన్ను వెతుక్కుంటూ ఎవరైనా ఇంటికి రావడం అదే మొదటిసారి. వాళ్లు వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూసి, డబ్బా ఎత్తుకుని మేడ మీదికి పరిగెత్తాను. నీళ్ల ట్యాంకు వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు దిగి వచ్చాను.

కాసేపటికి తాతయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"నా డబ్బా ఏదిరా తల్లీ?"

ఏం డబ్బా అని ఒకమ్మాయి నన్ను అడిగింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. తెలియదన్నట్టు భుజాలు ఎగరేశాను. తాతయ్య ఒక్క క్షణం నిలబడి, వాళ్లిద్దరినీ చూసి, వెనక్కి వెళ్లిపోయాడు. చుక్క పోకూడదని ఖాళీ సీసాలో పట్టి దాచుకున్నాడని తర్వాత తెలిసింది.

వాళ్లు వెళ్లేసరికి ఐదైంది. మేడ మీద డబ్బా కాలుతోంది. మూత తీస్తే ఘాటుకి కళ్లు మండాయి. అది అమ్మోనియా వాసనని నాకు తెలుసు. అయినా తెచ్చి మళ్లీ ఐసులో పెట్టాను. మర్నాడు ఆసుపత్రి పరీక్షల గదిలో, చల్లగానే ఉంచారా అని అడిగితే అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఫలితం వచ్చింది. అమ్మోనియా బాగానే ఉంది, ఆమ్లం బాగానే పోతోంది అని డాక్టరు మాత్రలు సగానికి తగ్గించాడు. తాతయ్య దారి పొడవునా అదే మాట. "చూశావా, నా డిపోలో ఇంకా ఇన్ని బస్సులు తిరుగుతున్నాయి." తేలు కుట్టిన దొంగలా ఆయన పక్కనే నడిచాను.

రెండు వారాలు తిరిగేసరికి తాతయ్య అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వయసు మీద పడిందంది అమ్మ. ఆయన మధ్య మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే ఇక ఆగలేకపోయాను. ట్యాంకు వెనక ఎండ దగ్గర్నుంచి పరీక్షల గది దాకా అన్నీ చెప్పేశాను.

తాతయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆరోజు నీకు వినపడలేదేమో అనుకున్నాను," అన్నాడు.

అమ్మ డాక్టరుకి ఫోను చేసింది. ఎండకి మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి అమ్మోనియా పుట్టించాయనీ, అది కిడ్నీలు చేసింది కాదనీ ఆయన అన్నాడు. వెంటనే తీసుకురమ్మన్నాడు. రక్తంలో ఆమ్లం పేరుకుందని తేలింది. మళ్లీ ఆరు మాత్రలు. మళ్లీ డబ్బా.

ఈ ఆదివారం తెల్లవారకముందే లేచి ఐసు నింపి, డబ్బా పట్టుకుని స్నానాల గది ముందు నిలబడ్డాను. తాతయ్య గోడ పట్టుకుని వచ్చాడు. నేను పట్టుకుంటానన్నాను. ఐసు కూడా గంట గంటకీ నేనే మారుస్తానన్నాను. ఆయన నా చేతుల్లోంచి డబ్బా తీసుకున్నాడు, టికెట్ల సంచీ తీసుకున్నట్టు, జాగ్రత్తగా.

"నేను చూసుకుంటాలే. నువ్వు వెళ్లి ముందు గదిలో కూర్చో తల్లీ. మీవాళ్లెవరైనా వస్తారేమో."

వెటకారం లేదు ఆ గొంతులో. లోపలికి వెళ్లి మెల్లగా తలుపు వేసుకున్నాడు.